టైటాన్సు జట్టు ఏల యోడినది?



చెడుగుడు ఆటను మీకు వర్ణింప బనిలేదు. మైపాడు మొదలుకొని తూపిలిపాలెము వఱకు మన తీరమున ఇసుక యున్నంత మేర ఈ యాటయు నున్నది. వెన్నెల రాత్రులందు ఉప్పుటేటి గట్టున కాలితో గీత గీచి, కూత పట్టి, మోచేతులు దోకుకొనిపోయినను ఇంట జెప్పక దాచుకొన్న బాల్యము మీలో ననేకులకు గలదు. మహారాష్ట్రులు హుతుతు అనియు, వంగీయులు హాడుడు అనియు, అరవవారు సడుగుడు అనియు పిలిచెడి యాట యిదియే. ఇప్పుడు దేశమంతట కబడ్డీ యను పేర చెల్లుచున్నది. 1936వ సంవత్సరమున బెర్లిను నగరమందు ఒలింపిక్ ఉత్సవములు జరిగినప్పుడు, అమరావతి పట్టణపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దీనిని పాశ్చాత్యుల కన్నుల యెదుట ప్రదర్శించిరి. 1990వ సంవత్సరమున బీజింగులో జరిగిన ఆసియా క్రీడలలో ఇది పతకము లిచ్చు ఆటలలో జేరినది.

నేడు నేను ముచ్చటింప బోవునది ఈ యాట ప్రాచీనతను గూర్చి కాదు. జీతములకు ఆడెడి జట్ల పోటీ 2014లో మొదలైనది. దానిలో తెలుగువారి పేరు పెట్టుకొన్న తెలుగు టైటాన్సు అను జట్టు మొదటినుండియు నున్నది. ఆ జట్టు వరుసగా మూడు పర్యాయములు పండ్రెండు జట్లలో పండ్రెండవదియై అట్టడుగున నిలిచినది. ఈ సంగతి రచ్చబండమీద వచ్చినప్పుడెల్ల విచారణకంటె కోపమే ముందు నడచుచున్నది. “కోట్లు పోసి తెచ్చిన మొనగాడు సోమరియై ఆడలేదు” అని కొందఱు, “తెలుగు పేరు పెట్టి పరువు దీసిరి” అని కొందఱు అందురు. ఈ రెండు మాటలును సరిగావని నా తలంపు. ఇది మన యూళ్లకు పట్టని విచారణ యనుకొనరాదు. సంక్రాంతి పందెములకు చందాలు వేసికొని, పొరుగు నుండి పేరుమోసిన కూతగానిని సొమ్మిచ్చి తెచ్చుకొనుట కొన్నిచోట్ల గలదు. ఆ చందా యెట్లు వ్యయపడవలెనో నిర్ణయించువారు మీరే గదా.

మొదట లెక్కలు చూతము. ఈ జట్టు పుట్టుకతోనే ఓటమి పాలయినది కాదు. రాహుల్ చౌదరి యను గొప్ప కూతగాడు 2014 నుండి 2018 వఱకు ఆఱు పర్యాయములు ఈ జట్టునకే ఆడెను. 2015లో జట్టు మూడవ స్థానము నందినది. అతడు వెళ్లిన పిమ్మట 2019లో పదునొకండవ స్థానమునకు జాఱెను. కోవిడు మహమ్మారి వలన 2020లో పోటీలు లేవు. 2021 డిసెంబరులో ఎనిమిదవ పర్యాయము బెంగుళూరులో ప్రేక్షకులు లేకయే ఆరంభమయ్యెను. ఇక నప్పటి నుండి వినుడు. ఆ పర్యాయమున ఇరువదిరెండు ఆటలలో గెలిచినది ఒక్కటి, సమానముగా ముగిసినవి నాలుగు, ఓడినవి పదునేడు. 2022లో జరిగిన తొమ్మిదవ పర్యాయమున గెలుపులు రెండు, ఓటములు ఇరువది. 2023 డిసెంబరు 2వ తేదీన మొదలై 2024 మార్చి 1వ తేదీన ముగిసిన పదియవ పర్యాయమున గెలుపులు రెండు, సమానము ఒకటి, ఓటములు పందొమ్మిది. మొత్తము అఱువదియాఱు ఆటలలో గెలుపులు అయిదు.

ఇంతవఱకు అందఱు ఎఱిగినదే. లోపలి లెక్క వేఱొకటి గలదు. ఆటలోని పాయింట్లు వేఱు, పోటీ పట్టికలోని పాయింట్లు వేఱు. ఆ పర్యాయములందు పట్టికలో గెలుపునకు 5 పాయింట్లు, సమానమునకు 3 ఇచ్చుచుండిరి. ఓడినను ఏడు లేక అంతకు తక్కువ పాయింట్ల తేడాతో ఓడినచో, బాగుగ పోరాడిరని 1 పాయింటు ఇచ్చుచుండిరి. పెద్ద తేడాతో ఓడినవానికి సున్న. ఎనిమిదవ పర్యాయమున టైటాన్సునకు పట్టికలో వచ్చినవి 27. గెలుపున కయిదు, నాలుగు సమానములకు పండ్రెండు, వెరసి పదునేడు పోగా మిగిలినవి పది. అనగా ఓడిన పదునేడింటిలో పదియాటలు చేతికి వచ్చి జాఱినవే. ఆరంభపు ఆటలో తమిళ జట్టుతో 40-40గా సమానమైరి. ప్రధానమైన కూతగాడు సిద్ధార్థ దేశాయి మొదటి యాటలలోనే దెబ్బ తగిలి దూరమయ్యెను. అట్లయినను ఆ యేడు వారు పోరాడి యోడిరి. తొమ్మిదవ పర్యాయపు మొత్తము 15. రెండు గెలుపులకు పది తీసివేసిన మిగులునవి అయిదు. ఇరువది ఓటములలో పదునైదు ఘోరమైన ఓటములని దీని యర్థము. నిజమునకు జట్టు చితికిపోయినది ఆ యేడే. పదియవ పర్యాయమున 21 వచ్చినవి. ఇదే విధముగ లెక్కించిన, పందొమ్మిది ఓటములలో ఎనిమిది దగ్గఱివి, పదునొకండు దూరపువి. వట్టి గెలుపు లెన్నువారికి ఈ మూడేండ్లు ఒక్కటిగనే తోచును. పట్టిక చదువువారికి మూడును వేఱువేఱు రోగములు.

ఇక మొనగాని సంగతి. 2023 అక్టోబరు 7వ తేదీన చైనా దేశమందలి హాంగ్‌జౌ నగరమున, 2022 పేరిట జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు జట్టు ఇరానువారిని 33-29తో ఓడించి స్వర్ణపతకము గైకొన్నది. ప్రక్కబాటలో కాలు పెట్టినవారి విషయమై నిబంధన యెట్లన్న తగవు పుట్టి ఆ యాట చాలసేపు ఆగిపోయినది. దేశపు జట్టునకు నాయకుడు పవన్ సెహ్రావత్. రెండు మూడు దినములలోనే ముంబయిలో ఆటగాండ్ర వేలము జరుగగా, టైటాన్సు యజమానులు అతనిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు పాడుకొనిరి. ఈ పోటీలలో అంతవఱకు ఏ యాటగానికిని అంత వెల పలుకలేదు. ఒక్కొక్క జట్టు తన ఆటగాండ్రందఱికిని గలిపి వెచ్చింపదగిన సొమ్మునకు 5 కోట్లని హద్దు గలదు. జట్టున పదునెనిమిది మందికి తక్కువ గాక ఇరువదియైదుగురికి మించక ఉండవలెను. ఇంటి ఖర్చునకు తెచ్చిన సొమ్ములో సగమునకు పైగా ఒక్క పట్టుచీరకు బెట్టి, తక్కిన సగములో పదునేడుగురు బిడ్డలకైనను బట్టలు కొనవలసిన గృహస్థుని స్థితి ఇది.

పవన్ సోమరియై ఆడెనా? ఆ పర్యాయమున అతడు కూతలలో సంపాదించిన పాయింట్లు రెండు వందలకు పైబడినవి. తక్కిన జట్ల కూతగాండ్రలోను అంత తెచ్చినవారు కొందఱే. అయినను జట్టు అట్టడుగుననే యున్నది. పట్టికలో 15 కాస్త 21 అయినది. రెండున్నర కోట్లకు ఆఱు పాయింట్లు! వెల హెచ్చుగనే యున్నది. దీనికి కారణము ఆ యువకునిలో వెదుకరాదు. ఆట నియమములలోనే యున్నది.

పూర్వము మన దేశమున ఈ యాట మూడు రీతుల నాడుచుండిరి. తాకబడినవాడు బయటికి పోక ఆడుచునే యుండి, పాయింటు మాత్రము లెక్కకు వచ్చునది అమర్. ఒకసారి బయటికి పోయినవాడు తన వారందఱు పోవువఱకు తిరిగి రాకుండునది గామిని. ఎదుటి జట్టువాడు ఒకడు బయటికి పోగా తనవాడు ఒకడు లోనికి వచ్చునది సంజీవని. నేటి ఆట ఈ మూడవదాని సంతానమే. పేరు పెట్టినవాడెవడో గాని భారతము నెఱిగినవాడు. ఆదిపర్వమందలి కచుని కథ తలచుకొనుడు. దేవతలకు వీరులు తక్కువ కారు. కాని చచ్చిన రాక్షసులను శుక్రాచార్యుడు మృతసంజీవనితో లేపుచుండగా, చచ్చిన దేవతలను లేపువారు లేకపోయిరి. అందుచేతనే బృహస్పతి కుమారుడు కచుడు శత్రువుల గురువునొద్దకు శిష్యుడై పోవలసివచ్చెను. కూతగానిని జూచినవారు సాధారణముగా అభిమన్యుని పద్మవ్యూహముతో పోల్చుదురు. చూడ సొంపైన పోలికయే గాని, అభిమన్యుడు మరల లేవలేదు. చెడుగుడులో మరల లేచుట యున్నది. లేపువా రుండవలెను.

ఎట్లన, ఏడుగురేసి గల రెండు జట్లను ఊహించుకొనుడు. బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. కూతకు 30 సెకండ్ల గడువు. ఆట ఇరువది నిమిషములు చొప్పున రెండు భాగములు. మన వీరుడు పోయి ఇద్దఱిని తాకి వచ్చెను. రెండు పాయింట్లు. మరల పోయెను, ఈ మాఱు వారు చీలమండ పట్టుకొని పడవేసిరి. వారికి ఒక పాయింటు, మనవాడు బయట కూర్చుండెను. ఇప్పుడతడు లోనికి వచ్చుట కేమి కావలెను? మన జట్టువారు ఎదుటివారిలో ఒకనిని బయటికి పంపవలెను. కూతకు పోయి తాకవచ్చును, లేదా వారి కూతగానిని పట్టవచ్చును. ఎదుట ఆఱుగురో ఏడుగురో ఉన్నప్పుడు దూరపు గీత దాటి కాలు పెట్టి తెచ్చెడి బోనసు పాయింటు లెక్కకు వచ్చును గాని, దానివలన ఎవ్వడును లోనికి రాడు. ఇంకొక చిక్కు గలదు. వెళ్లిన వరుసలోనే తిరిగి రావలెను. వీరునికంటె ముందు ఇద్దఱు బయట నున్నచో, ఆ యిద్దఱు వచ్చిన తరువాత గాని అతని వంతు రాదు.

పట్టెడివారు బలహీనులైన జట్టులో ఏమి జరుగునో ఇప్పుడు మీకే తోచును. ఎదుటి కూతగాడు వచ్చును, ఒకనిని తాకి పోవును. బయట మనవారి వరుస పెరుగును. తక్కిన కూతగాండ్రు వీరునివంటి వారు కారు గనుక వట్టి చేతులతో తిరిగి వత్తురు. వరుసగా రెండు కూతలు ఫలము లేక పోయినచో మూడవ కూతలో పాయింటు తేవలెను, లేనియెడల పోయినవాడు బయటికి పోవును. ఏడుగురును పోయినచో ఎదుటివారికి రెండు పాయింట్లు అదనము. అప్పుడు ఏడుగురును ఒక్కమాఱుగా లోనికి వత్తురు, వీరుడును వచ్చును. రెండున్నర కోట్ల మనిషి నాలుగైదు నిమిషములు బల్లమీద కూర్చుండి, జట్టు పూర్తిగా కూలిన పిమ్మట గాని లోనికి రాలేదన్నమాట. వచ్చిన వెంటనే అందఱి కన్నులు అతనిమీదనే. ప్రాణసంకటమైన మూడవ కూత యెల్ల అతని నెత్తినే. అలసినవాడు పట్టుబడుట సులభము. పట్టుబడిన మరల బల్ల.

బలము చాలమియే పట్టెడివారి లోపమని తలంపరాదు. 2022లో ఈ జట్టున సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, పర్వేష్ భైన్స్వాల్ వంటి పేరుగల పట్టుగాండ్రే యుండిరి. ఓటములు ఇరువది! పట్టుట యొకని విద్య కాదు. మూల నున్నవాడు కాలు పట్టగనే ప్రక్కవాడు నడుము పట్టవలెను, చేతులు కలుపుకొని నిలిచిన జత గీతవైపు త్రోవ మూయవలెను. ఇది రెప్పపాటులో జరుగవలెను. మూలవాడు తొందరపడి ముందే దూకెనా, తాను బయటికి పోవుటయే గాక ఎదుటివానికి పాయింటు దానము చేసినవాడగును. మన పల్లెకారులు ఒడ్డున నిలిచి లాగెడి పెద్దవల మీరెఱిగినదే. రెండు కొసలను పట్టినవారు ఒక్క లయలో లాగవలెను. ఒక కొసవారు ఎంత బలవంతులైనను తమంత తాము లాగినచో చేప రెండవ ప్రక్క జాఱిపోవును. ఆ లయ వేలములో దొరకదు. ఒక్కచోట చాలకాలము కలిసి ఆడినవారికే అలవడును. ఏటేట జట్టును విప్పి మరల కట్టుచున్న యజమానులకు అది యెట్లు చిక్కును?

నా మాటను శంకించువారి కొఱకు, మనకు దక్షిణపు పొరుగువారి దృష్టాంతము నొకదానిని జెప్పెదను. 2022లో ఈ పవన్ సెహ్రావత్‌నే తమిళ తలైవాస్ అను జట్టువారు 2 కోట్ల 26 లక్షలకు పాడుకొనిరి. మొదటి యాటలోనే గుజరాతు జట్టుతో ఆడుచు మోకాలు దెబ్బతిని అతడు ఆ పర్యాయమంతయు బల్లకు కూడ దూరమయ్యెను. సొమ్ము పోయినది, వీరుడు పోయినాడు. ఇక ఆ జట్టు ముగిసినదని లోక మనుకొన్నది. కాని నరేందర్ యను యువకుడు కూతకు పోవుచుండగా, పట్టుటలో పడుచువాండ్రు ఒకరి నొకరు కనిపెట్టుకొని యాడుచుండగా, ఆ జట్టు అంతకుముందు ఎన్నడును ఎఱుగని ఉపాంత్యపు మెట్టు వఱకు పోయినది. అక్కడ పుణే జట్టు చేతిలో ఓడిపోయినది. అదే మనిషి కాలు బాగుపడి మఱుసటి పర్యాయమున టైటాన్సుతో చేరి పాయింట్లు రెండు వందలకు పైగా తెచ్చినను, జట్టు కడపటిదైనది. హాంగ్‌జౌలో అతని వెనుక దేశములోని మేలిమి పట్టుగాండ్రు నిలిచియుండిరి. టైటాన్సులో అతని వెనుక ఖాళీ యుండెను.

తెలుగు పేరు, పరువు అన్న మాట గూడ విచారింపవలసినదే. రాహుల్ చౌదరి ఉత్తర ప్రదేశమువాడు, సిద్ధార్థ దేశాయి మహారాష్ట్రుడు, పవన్ ఢిల్లీవాడు. జట్టు పేరు మనది, వీరుల యూళ్లు వేఱు. గెలిచిననాడు మన పరువని చంకలు గొట్టుకొనుటకును, ఓడిననాడు మన పరువు పోయెనని కుందుటకును కారణము ఒక్కటే, ఆ మూడక్షరముల పేరు. హరియాణా పల్లెలనుండి ఇందఱు యువకులు ఎట్లు వచ్చుచున్నారని మాత్రము అడుగదగును. నేటి ఆట ఇసుకమీద గాక చాపమీద బూట్లతో ఆడునది. ఇసుకలో పట్టు దొరకు కాలు చాపమీద జాఱును, ఇసుకలో పడినంత మెత్తగా చాపమీద పడలేము. మన తీరపు పిల్లవాడు ఎంత చుఱుకైనవాడైనను, చాప ముఖము చూడకయే పెరిగినచో వేలము గుమ్మము నెట్లు త్రొక్కును? సంక్రాంతికి నాలుగు దినములు ఆడిపోవు కూతగాని వెలతో చాప యంతయు రాకపోవచ్చును గాని, పాఠశాల పిల్లలు ఏడాది పొడుగున పట్టు నేర్చుటకు ఒక శిక్షకుని బత్తెము రావచ్చును. ఇది నా యభిప్రాయము. మీ యూరి లెక్క మీకే తెలియును.

తరువాతి కథ కొద్దిగా జెప్పి విరమించెదను. 2024లో పదునొకండవ పర్యాయమునకు టైటాన్సు యజమానులు క్రిషన్ కుమార్ హుడాను శిక్షకునిగా దెచ్చిరి. పవన్‌ను మరల తమవద్దనే నిలుపుకొనిరి గాని ఈ మాఱు వెల 1 కోటి 72 లక్షల 50 వేలు. ముందటికంటె 88 లక్షలు తక్కువ. ఆ మేరకు తక్కినవారికి మిగిలినది. అక్టోబరు 18వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలిలో బెంగుళూరు జట్టును 37-29తో ఓడించి ఆరంభించిరి. నడుమ పవన్ దెబ్బ తగిలి కొన్ని యాటలకు దూరమైనను, విజయ్ మలిక్ యను ఆటగాడు భారము నెత్తుకొనగా జట్టు కూలలేదు. ఇరువదిరెండు ఆటలలో పండ్రెండు గెలిచి, పట్టికలో 66 పాయింట్లతో ఏడవ స్థానమున నిలిచిరి. మొదటి యాఱు జట్లకే పై మెట్టు గనుక ఒక్క స్థానము తేడాతో ఆ గడప దాటలేకపోయిరి. 2025లో పవన్ ఆ జట్టున లేడు. విజయ్ మలిక్ నాయకుడై నడుపగా టైటాన్సు పై మెట్టునకు చేరి, తుది యాటకు ఒక్క గెలుపు దూరమున పుణే జట్టు చేతిలో ఓడిరి.